పడమటి గోలు

చిన్నగానపల్లి పాపక్కను ఒప్పించే పని ఏలియాకు అప్పగించాలని తూర్పు బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియం నిర్మాణ సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. దానికి రెండు కారణాలు చెప్పారు. పాపక్కది తెలుగు, ఏలియాదీ తెలుగే. రెండోది, ప్లాను ప్రకారం పడమటి గోలు పాపక్క చేనులో పడుతోంది, ఏలియా గోల్‌కీపరు. రెండో కారణం చెప్పిన సభ్యుడు నవ్వలేదు. మిగతావాళ్ళూ నవ్వలేదు.

డెబ్బయ్యో దశకం ముగింపుకొచ్చిన రోజులవి. బెంగళూరు తూర్పు దిక్కున ఫ్యాక్టరీకొక జట్టు, జట్టుకొక కోచి, కోచికొక విజిలు ఉండేవి. మైదానాలు మాత్రం లేవు. ఉన్న ఒకటి రెండు కూడా ఎర్ర మొరం నేలలు. ఇది మన నగరానికి మర్యాద కాదని రిటైరైన ఇంజనీరు శ్రీనివాసప్ప ఒక సమితి పెట్టాడు. మహదేవపుర దాటాక చిన్నగానపల్లి పక్కన సర్కారు బంజరు ఉంది. అక్కడ పెద్ద స్టేడియం కట్టాలి, కలకత్తాలో మాదిరి జీతాలిచ్చి జట్టును పోషించాలి, ఆటగాళ్ళకు ఆట తప్ప వేరే ఉద్యోగం ఉండకూడదు. ఇదీ ఆయన ఆలోచన. నీలిరంగు ప్లాను కూడా తయారైంది. బంజరుకు పడమట అంచున మూడెకరాల పాపక్క చేను ఒక్కటే అడ్డం.

ఏలియాకు అప్పటికి నలభై దాటాయి. ఒక స్విచ్చుల ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తా. ఆ ఉద్యోగం గోలు దగ్గర నిలబడినందుకు వచ్చిందే. వాళ్ళ నాయన కడప వైపు నుంచి దొరల బంగళాలో తోటపనికి వచ్చి కంటోన్మెంటులో స్థిరపడ్డాడు. ఏలియా అక్కడి వీధుల్లోనే బంతి పట్టుకోవడం నేర్చుకున్నాడు. బంతి పట్టుకోవడం కష్టం కాదు, పట్టుకున్నాక పడటమే కష్టం. మొరం నేల మీద పడితే మోచేతి తోలు, తుంటి తోలు నేలకే అంటుకుని ఉండిపోయేవి. ఆ గాయాలకు ఆసుపత్రిలో కట్లు కట్టిన నర్సు పేరు రాచెల్. మూడోసారి కట్టు కడుతున్నప్పుడు పెళ్ళి మాట వచ్చింది. అందుకని అతను ఆ నేలను మరీ తిట్టుకోలేడు. అయినా బతికుండగా ఒక్కసారైనా మంచి గడ్డి మీద దూకాలని అతనికి ఆశ. సమితిలో చేరింది అందుకే. ఆ సంగతి సమితికి చెప్పలేదు.

మొదటి సమావేశంలోనే అతను లేచి ఒక మాట అన్నాడు. ప్లానులో మైదానం తూర్పు పడమరలుగా ఉంది, సాయంకాలం ఆటల్లో తూర్పు గోలు దగ్గర నిలబడేవాడి కళ్ళలో ఎండ సూటిగా కొడుతుంది అని. శ్రీనివాసప్ప అద్దాలు సర్దుకుని, "నోట్ చేసుకోండి" అన్నాడు. నోట్ చేసుకున్నారు. తర్వాత టీ వచ్చింది.

ఏలియా మొదటిసారి వెళ్ళేసరికి పాపక్క తోటకూర కోస్తోంది. యాభై దాటిన మనిషి. భర్త లేడు, ఒక్క కూతురు పెళ్ళయి హొసకోటెలో ఉంది. మూడెకరాల్లో ఎక్కువ భాగం రాగులు, బావి దగ్గర కాస్త కూరగాయలు. వారానికి రెండు మూడు సార్లు బుట్టతో రసెల్ మార్కెట్టుకు వెళ్ళి కూరాకులు అమ్మేది. తెలుగే కాదు, కన్నడం, అరవం, ఉర్దూ కూడా బేరానికి సరిపడా వచ్చు. సమితి ఈ విషయం కనుక్కోలేదు.

"ఏం కడతారంటప్పా?" అని తలెత్తకుండానే అడిగింది.

"స్టేడియం అక్కా. ఫుట్‌బాల్ ఆడేదానికి."

"ఇప్పుడు యాడ ఆడతాండారు?"

"యాడ జాగా దొరికితే ఆడ."

"ఆడనే ఆడుకోమను."

ఏలియా గట్టు మీద ప్లాను పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా మట్టిపెళ్ళలు పెట్టాడు. పాపక్క కొడవలి చేతిలో పట్టుకునే వచ్చి వంగి చూసింది.

"నా చేన్లో ఏమొస్తాది?"

"ఇక్కడ గోలు. దాని ముందర ఇంత దూరం కసువు. పచ్చగా, మెత్తగా ఉంటాది."

"రాగులు పీకేసి కసువు పెడతారా?"

"అది మంచి జాతి కసువక్కా."

"ఆవులకా?"

"ఆవుల్ని లోపలికి రానీరు."

"మరి ఎవురు తింటారు?"

"ఎవురూ తినరు. మిషన్ పెట్టి కోసేస్తారు."

"కోసి?"

"పారేస్తారు."

పాపక్క కొడవలి గట్టు మీద పెట్టింది. "పారేసేదానికి పెంచేదా?"

"దాని మీద మేము పడతామక్కా."

"పడేదానికి మూడెకరాలు కావల్నా?"

ఏలియా చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేయి చూపించాడు. అక్కడ తోలు ఎన్నో సార్లు పోయి, ఎన్నో సార్లు వచ్చి, చివరికి రంగు మార్చుకుని గట్టిపడిపోయింది. పాపక్క దాన్ని కాసేపు చూసి, "ఆముదం రాయి" అని మళ్ళీ తోటకూర దగ్గరికి పోయింది. ఏలియా లేస్తుంటే రెండు కట్టలు చేతిలో పెట్టింది.

చర్చలు జరుగుతున్నాయని ఏలియా సమితికి చెప్పాడు. సమితి సంతోషం ప్రకటించింది.

ఆ తర్వాత నెలకోసారి పోయేవాడు. పోయినప్పుడల్లా పాపక్క ఏదో ఒక పనిలో ఉండేది, పనిలో ఉన్న మనిషి పక్కన చేతులు కట్టుకుని నిలబడి స్టేడియం గురించి మాట్లాడటం ఏలియాకు బాగుండేది కాదు. కాబట్టి బీన్సు కోస్తూ మాట్లాడాడు, నీళ్ళు కడుతూ మాట్లాడాడు, ఒకసారి తప్పిపోయిన దూడను వెతుకుతూ మాట్లాడాడు. జట్టుకు జీతాలిస్తారని విన్నప్పుడు మాత్రం ఆమెకు కొంచెం ఆసక్తి కలిగింది.

"ఆడేదానికి జీతమా? ఓడిపోతే?"

"ఓడినా ఇస్తారు."

"మంచి ఉద్యోగమే" అంది.

ఇంటికి వచ్చేటప్పుడు ఏలియా చేతిసంచి నిండుగా ఉండేది. రాచెల్ దాన్ని వంటింట్లో ఒంపుతూ, "నువ్వు భూమి అడిగేదానికి పోతాండావా, బీన్సు తెచ్చేదానికా?" అని అడిగింది.

"రెండూ" అన్నాడు ఏలియా.

"భూమి ఎప్పుడు తెస్తావు మరి?"

ఆ ప్రశ్న శ్రీనివాసప్ప కూడా అడుగుతున్నాడు. ఒకరోజు ఏలియా ధైర్యం చేసి పాపక్కనే అడిగాడు. పాపక్క అప్పుడు చేను అంచున నిలబడి పక్క చేనులోకి చూస్తోంది. అది ఆమె మరిది చిక్కమునియప్పది, సగం రాగులు, సగం నీలగిరి చెట్లు. ఇద్దరి మధ్యా ఒక గట్టు ఉంది. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఆ గట్టు జానెడు ఇటు జరుగుతుందని పాపక్క, అటు జరుగుతుందని చిక్కమునియప్ప. ఆ గట్టు మూలంగా వాళ్ళకు మాటలు లేక చాలా ఏళ్ళయింది.

"చూడకుండా ఎట్ల ఇచ్చేదప్పా?" అంది పాపక్క. "పిల్లనిచ్చేటప్పుడు పిల్లోన్ని చూడమా? ఆ ఆటేందో ఒకసారి చూపీ."

ఆ శనివారం ఆమె మార్కెట్టులో కూరాకులు అమ్ముకుని, ఖాళీ బుట్టతో ఫుట్‌బాల్ మైదానం గేటు దగ్గరికి వచ్చింది. నగరం మధ్యలో ఉన్న పాత స్టేడియం అది, నేల అక్కడా మొరమే. ఏలియా టిక్కెట్లు తీసి లోపలికి తీసుకుపోయాడు. మెట్ల మీద అంతా మగవాళ్ళే. పాపక్క బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. వెనకవాళ్ళు ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నారు.

మొదటి సగమంతా ఆమె బంతి వెంటే చూసింది. విరామంలో, "ఆ పొట్టోడు ఊరికే పరిగెత్తుతాండాడు, బంతి వాని దగ్గరికి వచ్చేదే లే. ఎవరన్నా చెప్పకూడదా?" అని అడిగింది. చెప్తారని ఏలియా అన్నాడు. గోలు దగ్గర నిలబడినతను ఒక్కడే బంతిని చేత్తో ఎందుకు ముడుతున్నాడని అడిగింది. ఏలియా వివరించాడు. "నువ్వు చేసేది అదేనా?" అంది. అదేనన్నాడు.

రెండో సగంలో గోలు పడింది. మెట్ల మీద ఉన్నవాళ్ళంతా లేచి గోల్‌కీపర్ని తిట్టడం మొదలుపెట్టారు. వాడి కళ్ళను తిట్టారు, చేతులను తిట్టారు, తల్లిని తిట్టారు. అప్పుడు పాపక్క బుట్ట మీద నుంచి లేచి వెనక్కి తిరిగింది.

"పదిమందిని దాటుకోని వచ్చింది బంతి" అంది కన్నడంలో, మార్కెట్టులో మాట్లాడే గొంతుతో. "వాళ్ళు పదిమందినీ ఏమీ అనరు. కడాకు నిలబడినోన్ని అంటారు. ఇదేం న్యాయం?"

వెనకవాళ్ళలో కొందరు కూర్చున్నారు.

ఏలియా మైదానం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళు గోలు దగ్గర నిలబడ్డాడు. ఈ మాట ఎవరూ అనలేదు. కోచి అనలేదు, పాస్టరుగారు అనలేదు, రాచెల్ కూడా కట్లు కట్టిందే గానీ అనలేదు. 

"అట్లనే తిడతారక్కా" అన్నాడు చివరికి. "అలవాటైపోతాది."

"నీకైందా?"

"లేదు."

పాపక్క తల ఊపి మళ్ళీ కూర్చుంది. ఆ రోజు నుంచి శనివారం మ్యాచి ఉంటే ఆమె మార్కెట్టు నుంచి నేరుగా వచ్చేది. ఏలియా ఉన్నా లేకున్నా వచ్చేది. ఆమె జట్టును బట్టి పక్షం పట్టేది కాదు, ఎవరు ఓడిపోతుంటే వాళ్ళ గోల్‌కీపరు పక్షాన ఉండేది. మైదానంలో ఆమె కూర్చునే మెట్టు ఒకటి ఏర్పడిపోయింది, అక్కడ వేరేవాళ్ళు కూర్చునేవారు కాదు.

రెండో ఏడాది ఎండాకాలంలో ఆమె ఒప్పుకుంది. ఏలియా ఆ రోజు అడగనే లేదు. బావి మెట్ల దగ్గర నీళ్ళు తాగుతుంటే తనే చెప్పింది.

"రాసుకోమని చెప్పప్పా. ఇచ్చేస్తా."

ఏలియా చెంబు కింద పెట్టాడు. "నిజంగానా అక్కా?"

"నేను పోయినాక చిక్కమునియప్ప ఎట్లన్నా గట్టు తీసేసి కలుపుకుంటాడు. మా పాప హొసకోటె నుంచి వచ్చి కొట్లాడుతుందా? ఆయప్పకు పోయేదానికంటే ఆటకు పోయేది మేలు. వానలు పడినా ఈసారి రాగులు చల్లను. మీవాళ్ళు వచ్చి పంట తొక్కితే నాకు బేజారు."

ఏలియా బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా శ్రీనివాసప్ప దగ్గరికి పోయాడు. శ్రీనివాసప్ప వరండాలో ఒక కొత్త ప్లాను ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"సార్, పాపక్క ఒప్పుకుండాది."

"ఏ పాపక్క?"

"చిన్నగానపల్లి పాపక్క సార్. పడమటి గోలు."

"ఓ" అన్నాడు శ్రీనివాసప్ప. "పడమటి గోలు ఇప్పుడు లేదయ్యా."

ఏలియా నిలబడే ఉన్నాడు. శ్రీనివాసప్ప కుర్చీ చూపించి వివరంగా చెప్పాడు. ఢిల్లీ నుంచి ఒక నిపుణుడు వచ్చి ప్లాను చూశాడు. మైదానం తూర్పు పడమరలుగా ఉంటే సాయంకాలం ఎండ గోల్‌కీపరు కళ్ళలో పడుతుందన్నాడు. అందువల్ల మైదానాన్ని ఉత్తర దక్షిణాలకు తిప్పేశారు. తిప్పేసరికి పాపక్క చేను బయటికి పోయి, చిక్కమునియప్ప చేను లోపలికి వచ్చింది. చిక్కమునియప్పను అడిగితే ఆ రోజే సంతకం పెట్టేశాడు.

"నువ్వు మొదట్లోనే చెప్పావు కదా ఏలియా, ఎండ సంగతి" అన్నాడు శ్రీనివాసప్ప. "నీ మాటే నిజమైంది. మీటింగులో నీ పేరు చెప్పి మెచ్చుకున్నాం. ఆ రోజు నువ్వు చిన్నగానపల్లి పోయినట్టున్నావు."

ఏలియా కొత్త ప్లానును చూశాడు. మైదానం సరైన దిక్కున ఉంది. తను కోరుకున్నట్టే ఉంది. గోల్‌కీపరుగా అతనికి అందులో వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు.

పాపక్కకు చెప్పడానికి అతనికి వారం పట్టింది. ప్రతి సాయంత్రం రాచెల్, "పోయినావా?" అని అడిగేది. ఆఖరికి, "చెప్పేస్తే ఆమె నిన్నేం చేస్తాది?" అంది.

"ఏమీ చేయదు. ఆకుకూర ఇచ్చి పంపిస్తాది. అదే నాకు కష్టంగా ఉండాది."

వెళ్ళి చెప్పాడు. ఎండ గురించి మొదట చెప్పింది తనే అని కూడా చెప్పాడు. పాపక్క శ్రద్ధగా వింది.

"ఎండ కండ్లల్లో పడితే కష్టమే" అంది. "తిప్పింది మంచిదే." తర్వాత, "ఇప్పుడు ఎవురి చేన్లో పడింది?" అని అడిగింది.

"చిక్కమునియప్పది."

పాపక్క గట్టు వైపు చూసింది. గట్టు అవతల చిక్కమునియప్ప తన నీలగిరి చెట్లు కొట్టించి దుంగలు పేర్పిస్తున్నాడు. చాలా సేపు చూసి, చేతులు కడుక్కుని, ఇంట్లోకి పోయి మంచి చీర కట్టుకుని వచ్చింది.

"పద, మీ పెద్దాయన దగ్గరికి" అంది.

శ్రీనివాసప్ప ఆమెను మర్యాదగానే కూర్చోబెట్టాడు. పాపక్క కూర్చోలేదు.

"రెండేండ్లు మనిషిని పంపినారు" అంది. "వాన పడినా పంపినారు, ఎండ కాసినా పంపినారు. ఇప్పుడు ఇస్తానంటే వద్దంటారా? నా చేనుకు ఏం తక్కువైంది?"

"మీ చేను చాలా మంచి చేనమ్మా. దిక్కు మారిందంతే."

"మళ్ళీ తిప్పండి."

"అట్లా కుదరదమ్మా. కావాలంటే..." శ్రీనివాసప్ప ప్లాను దగ్గరికి లాక్కుని, పెన్సిలుతో అంచున ఒక చోట చూపించాడు. "ఇక్కడ సైకిల్ స్టాండు అనుకుంటున్నాం. ఇది మీ చేనులో పెట్టొచ్చు."

"వాళ్ళ చేన్లో ఆట, నా చేన్లో సైకిళ్ళా?"

శ్రీనివాసప్ప పెన్సిలు వెనక్కి తీసుకున్నాడు. ఈ విషయం సమితి ముందు పెడతానన్నాడు. పాపక్క ఆ మాట నమ్మింది. ఇంటికి వచ్చి చేను అలాగే వదిలేసింది. వానలు పడ్డాయి. ఊరంతా రాగులు చల్లుకున్నారు. తను చల్లితే చేను ఇవ్వనన్నట్టు అవుతుందని ఆమె లెక్క. ఏలియా ఎంత చెప్పినా వినలేదు.

ఆషాఢం వెళ్ళాక ఒక మంచి రోజు చూసి చిక్కమునియప్ప చేనులో శంకుస్థాపన జరిగింది. షామియానా వేశారు. మంత్రిగారు వచ్చి, త్వరలో ఈ నేల మీద ప్రపంచస్థాయి ఆటగాళ్ళు పరిగెత్తుతారని చెప్పి, తన బూట్లకు అంటిన బురదను రాయి అంచుకే తుడుచుకుని కారెక్కాడు. చిక్కమునియప్ప మెడలో దండ వేశారు. పాపక్క గట్టుకు ఇవతల తన ఆవులను మేపుతూ నిలబడి అంతా చూసింది. ఏలియా షామియానా కింద కూర్చోవాల్సినవాడు, కానీ కాసేపటికి లేచి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. 

నెల తిరిగేసరికి మంత్రిగారి శాఖ మారింది. కొత్తగా వచ్చినాయనకు ఈత మీద మక్కువ. శ్రీనివాసప్ప స్టేడియం సమితికి చివరి సమావేశం పెట్టి, అందరికీ ధన్యవాదాలు చెప్పి, ఈతకొలను నిర్మాణ సమితికి అధ్యక్షుడిగా వెళ్ళిపోయాడు. ఏలియాను కూడా రమ్మన్నాడు. తనకు ఈత రాదని ఏలియా చెప్పాడు. "నాకూ రాదయ్యా" అన్నాడు శ్రీనివాసప్ప.

చిన్నగానపల్లిలో ఒక రాయి మిగిలింది. చెట్లు కొట్టించుకున్న చిక్కమునియప్ప చేను ఎండుదుంగలతో, మొదళ్ళతో పాడుపడినట్టయింది. సంతకం పెట్టిన కాగితాన్ని ఎవరు రద్దు చేయాలో తెలియక అతను ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. ఏలియా శనివారం మ్యాచులకు పోవడం మానేశాడు. పాపక్క ఎదురైతే ఏం చెప్పాలో తెలియక మానేశాడు.

భాద్రపదంలో ఆమే కబురు పంపింది. మార్కెట్టులో ఎవరితోనో రాచెల్ పనిచేసే ఆసుపత్రికి చెప్పిస్తే, రాచెల్ ఇంటికి వచ్చి చెప్పింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ బస్సెక్కారు.

చేను దగ్గరికి వచ్చి ఏలియా ఆగిపోయాడు. దున్నని చేనంతా గరిక అల్లుకుపోయింది. మూడెకరాలూ ఒకటే పచ్చదనం. పాపక్క ఆవులు ఎప్పటికప్పుడు మేసి దాన్ని ఒకే ఎత్తున ఉంచాయి. ఏలియా చెప్పులు విడిచి లోపలికి నడిచాడు. కొంతదూరం పోయి వంగి అరచేత్తో నొక్కి చూశాడు. ఇంకా కొంతదూరం పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

పాపక్క వచ్చి పక్కన నిలబడింది. ఆమె ముఖం మాత్రం చిన్నబోయి ఉంది. "ఊరంతా నవ్వుతాండారప్పా. పాపక్క చేన్లో కసువు పెంచుతాండాదని. మా ఇంటాయన ఉన్నన్ని దినాలు ఈ చేన్లో ఒక్క గరిక పోచ ఉండనీలేదు. మడక కట్టించి ఉలవలు చల్లాలనుకుంటాండా. ఒకసారి నీకు చూపిద్దామని."

ఏలియా గరిక మీద నుంచి చెయ్యి తీయలేదు. రాచెల్ అతని ముఖం చూసి, అతని తరఫున తనే అడిగింది.

"అక్కా, ఎప్పుడు దున్నిస్తారు?"

"మడక దొరికినప్పుడు. వచ్చే వారం."

"అవతలి సోమవారం దున్నించుకోండి. వచ్చే ఆదివారం ఈయన ఆడుకుంటాడు."

పాపక్క ఇద్దరినీ చూసి, "ఆడుకోనీ. దీనికి ఎవురి సంతకమూ వద్దు కదా" అంది.

గోలు కట్టెలు కావాలి. దగ్గరలో కట్టెలున్నది చిక్కమునియప్ప దగ్గరే. పాపక్క అడగదు కాబట్టి ఏలియా వెళ్ళి అడిగాడు. చిక్కమునియప్ప రాయి పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు. "తీసుకుపోప్పా, ఏం చేసుకునేది వాటిని" అన్నాడు. నాలుగు పొట్టి దుంగలు, రెండు పొడుగాటివి తనే ఏరి, గట్టు దాకా మోసుకొచ్చి గట్టు మీద పడేసి వెనక్కి పోయాడు.

ఆదివారం ఫ్యాక్టరీ వ్యానులో రెండు జట్లు దిగాయి. పాతవాళ్ళొక వైపు, ఇప్పటి జట్టు ఒక వైపు. చేను పొడుగు తూర్పు పడమరలుగా ఉంది కాబట్టి మైదానమూ అలాగే గీశారు, సున్నం లేక ముగ్గుపిండితో. ఊరివాళ్ళు పనులు మానుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. పాపక్క తన బుట్ట బోర్లించుకుని గట్టు పక్కన కూర్చుంది. కాసేపటికి గట్టుకు అవతలి పక్క చిక్కమునియప్ప వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

మొరం మీద ఆడీ ఆడీ గట్టిపడ్డ కుర్రవాళ్ళు గరిక మీద కాళ్ళు నిలదొక్కుకోలేక జారారు, జారినప్పుడల్లా లేచి కాళ్ళ కిందికి చూసుకున్నారు. మొదటి సగం ఏలియా దగ్గరికి బంతి సరిగా రానే లేదు. రెండో సగంలో వైపులు మారాయి. అతను తూర్పు గోలులోకి వచ్చి నిలబడేసరికి పొద్దు వాలుతోంది. ఎండ సూటిగా కళ్ళలో కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ఎవరో తన్నారు. బంతి ఎండలోంచి నల్లగా వచ్చింది, ఎటు వచ్చిందో తెలియలేదు. ఎడమ వైపనుకుని దూకాడు.

బంతి కుడి వైపు నుంచి పోయింది.

ఏలియా నేల మీద పడ్డాడు. మోచెయ్యి, తుంటి, భుజం వరుసగా నేలను తాకాయి. నేల వాటిని ఏమీ అనలేదు. కొంచెం తడిగా, చల్లగా, నలిగిన గరిక వాసనతో ఉంది. అతను వెంటనే లేవలేదు. లేవాలనిపించలేదు. దెబ్బ తగిలిందేమోనని జట్టువాళ్ళు పరిగెత్తుకొచ్చారు. రాచెల్ మాత్రం ఉన్న చోటు నుంచి కదల్లేదు. దెబ్బ తగిలితే అతను ఎలా పడుకుంటాడో ఆమెకు తెలుసు, ఇది అలా లేదు.

ఊరివాళ్ళు కొందరు నవ్వారు. చిక్కమునియప్ప కూడా నవ్వబోయాడు.

"కండ్లల్లో ఎండ పడింది" అంది పాపక్క అతని వైపు తిరక్కుండానే. "ఆయప్పది తప్పు లేదు."

వదిన ఏళ్ళ తర్వాత తనతో మాట్లాడిందని చిక్కమునియప్పకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "అట్లనా?" అన్నాడు.

"ఊ. అందుకే మీ పక్కకు తిప్పినారు."

"తిప్పి ఏం చేసినారు? రాయి పెట్టి పోయినారు."

"నా చేన్లో అదీ పెట్టలేదు" అంది పాపక్క. తర్వాత ఇద్దరూ ఆట చూశారు.

పాతవాళ్ళు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. ఏలియా ఆ రోజు ఇంకా ఐదారు సార్లు దూకాడు. అందులో కొన్ని అవసరం లేనివి కూడా. పొద్దు కుంకే ముందు వ్యాను వెళ్ళిపోయింది, ఊరివాళ్ళు వెళ్ళిపోయారు. ఏలియా, రాచెల్ ఆఖరి బస్సుకు ఇంకా వేళ ఉందని ఆగి, గోలు కట్టెలు పీకడం మొదలుపెట్టారు. మర్నాడు మడకకు అడ్డం రాకూడదని.

పొడుగు కట్టెను కింద పెట్టగానే పాపక్క వచ్చి దాన్ని కాలితో కదిపి చూసింది. నిటారుగా, ఎక్కడా పుచ్చు లేకుండా ఉంది.

"ఇది నాకియ్యప్పా. కొట్టం నడికట్టె విరిగి రెండు వానాకాలాలైంది."

"ఇది నాది కాదక్కా" అన్నాడు ఏలియా, గట్టు వైపు చూస్తూ.

చిక్కమునియప్ప ఇంకా అక్కడే ఉన్నాడు. బీడీ ఆర్పి గట్టు దాటి ఇవతలికి వచ్చాడు. కట్టెను ఒక చివర ఎత్తి బరువు చూసి, "ఉండనీ" అన్నాడు. "రెండోది కూడా పెట్టుకో. నాకు ఆవులు యాడుండాయి."

మగవాళ్ళిద్దరూ చెరో చివర పట్టుకుని కట్టెను కొట్టం దాకా మోశారు. విరిగిన దాన్ని దింపి, దీన్ని పైకెత్తి, గోడ మీది చీలికల్లో కూర్చోబెట్టారు. లోపల ఆవులు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ మేత మీదికి దిగాయి. రాచెల్ లాంతరు పట్టుకుంది. పాపక్క దూరంగా వాకిట్లో నిలబడి, ఒక కన్ను మూసి, కట్టె తిన్నగా ఉందో లేదో చూసింది.

"ఇంకొంచెం ఈ పక్కకు" అంది.

ఎవరి పక్కకో చెప్పలేదు. ఇద్దరూ జరిగారు.